పాటకూ పాటకూ మధ్య

రెండు కొట్టగానే ఆమె ఇస్త్రీ పెట్టె స్విచ్చి వేసి, గోడ అరమీదున్న రేడియో వైపు ఒకసారి చూసి, మొదటి తెల్లకోటు కాలరు బల్లమీద పరిచింది. హోటలు వంటవాళ్ళ కోట్లు, పాతిక. మూడింటికి వాళ్ళ వ్యాను వస్తుంది. సరిగ్గా ఆ మూడింటికే రేడియోలో పాటల మధ్య కబుర్లు చెప్పే మధ్యాహ్నం అక్కయ్య గంట కూడా అయిపోతుంది, ఇవాళ్టికి కాదు, ఇక ఎప్పటికీ. రేపటి నుంచి ఆ స్టేషన్లో మాట్లాడే మనిషే ఉండదట, ఎక్కడో దూరాన ఒక కంప్యూటరు కూర్చుని రాత్రీ పగలూ పాటలు వదులుతుందట. అది కూర్చుంటుందో నిలబడుతుందో ఆమెకు తెలియదు గాని, నిన్న ఆఖర్న అక్కయ్య చెప్పిన మాట మాత్రం అప్పటి నుంచీ చెవిలో తిరుగుతూనే ఉంది. "మన ఇస్త్రీ చెల్లాయి అడిగిన కాసెట్టు దొరికిందండీ. అట్టమీద 'పడవ పాట, ఒక అమ్మగారు' అని నా చేతిరాతే ఉంది. లోపల గొంతు మిగిలుందో బూజు మిగిలుందో రేపు అందరం కలిసి విందాం." ఇస్త్రీ చెల్లాయి అంటే తనే. ఆ అమ్మగారు తన అమ్మ, పోయి తొమ్మిదేళ్ళు. ఆ పాటను అమ్మ ఎవరికోసం అడిగిందో ఇవాళ తేలాలి. తోడబుట్టిన అక్కకూ తనకూ మధ్య పంతొమ్మిదేళ్ళుగా తేలని తగువు అది.

"నాకోసమేనే," అంది అక్క పొద్దున ఫోన్లో కూడా. "ఆశలేం పెట్టుకోకు. పెద్దకూతురు పెద్దకూతురే."

"విన్నాక మాట్లాడు," అని పెట్టేసింది తను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అక్క. తనేమైనా తక్కువ తిందా అంటే, అదీ లేదు.

కార్యక్రమం మొదట్లో వచ్చే వాయిద్యం అయిపోయి మొదటి పాట మొదలైంది, పెట్టె కాగుతోంది, చెయ్యి దానంతటదే కాలరు నుంచి భుజానికీ భుజం నుంచి చేతికీ జారుతోంది. ఈ పెట్టె ఒక మొండిఘటం. వేడిని అదుపుచేసే మర చచ్చిపోయి ఎంతో కాలమైంది. స్విచ్చి వేస్తే కాగుతూనే పోతుంది, తీస్తే చల్లారుతూనే పోతుంది, మధ్యేమార్గం దానికి తెలియదు. కొత్తది తెస్తానని లాండ్రీ ఓనరు ఇన్నేళ్ళుగా అంటున్నాడు, అనడంలో ఆయనకు ఏనాడూ బద్ధకం లేదు. అందుకని ఆమే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. పాట వస్తున్నప్పుడు స్విచ్చి వేసి ఉంచుతుంది. పాట అయి అక్కయ్య మాట మొదలవగానే తీసేస్తుంది. పాటంతా కాగిన వేడి మాటంతా సరిపోతుంది. పాటకొక కోటు, మాటకొక కోటు. కొత్తగా చేరినవాళ్ళు చూసి నవ్వుతారు, రేడియో వింటూ ఇస్త్రీ చేసేవాళ్ళను చూశాంగాని రేడియోతో ఇస్త్రీ చేసేదాన్ని నిన్నే చూశాం అంటారు. నవ్వితే నవ్వనీ, ఆ పద్ధతిలో ఇరవై నాలుగేళ్ళలో ఒక్క గుడ్డ కాలలేదు. కాదు, ఒక్కటి కాలింది, దాని సంగతి వేరు, ఆ పాపం తనది కాదు.

పాట అయింది. స్విచ్చి తీసింది. "నమస్కారమండీ, నేనే," అంది అక్కయ్య. ఇన్నేళ్ళుగా ఆవిడ పేరు ఎవరికీ తెలియదు, అడగాలనీ ఎవరికీ తోచలేదు. నేనే అంటే చాలు, ఇంటి తలుపు తట్టి నేనే అన్నవాళ్ళను పేరు అడుగుతామా ఏమిటి. ఇవాళ కూడా సెలవు తీసుకుంటున్న ధోరణి లేదు, బయట ఎండ ఎలా ఉందో, వీధి చివర తవ్విన గొయ్యి ఇంకా పూడ్చనే లేదని బస్సు డ్రైవరు ఎవరో ఫోను చేసి ఎలా చెప్పాడో, అవే కబుర్లు. ఎంత బాగా మాట్లాడుతుంది ఈవిడ, అనుకుంది ఆమె రెండో కోటు బొత్తాల మధ్య పెట్టె ముక్కును నడిపిస్తూ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా. ఎదురుగా ఎవరూ లేని గదిలో, గాజు గోడ ముందు కూర్చుని, కనబడనివాళ్ళతో కనబడుతున్నట్టు మాట్లాడటం మాటలా. ఉత్తరం చదివితే రాసినవాళ్ళ అక్షరదోషాలు కూడా సర్ది చదివేది, ఎవరి పరువూ పోకుండా. ఒకసారి ఒక కాపలాదారు తనకు పాటలేం తెలియవని, ఊరికే ఎవరితోనైనా మాట్లాడదామని ఫోను చేశానని అంటే, ఆయనతో ఆరు నిమిషాలు గేటు తాళాల గురించి మాట్లాడింది. ఆ ఆరు నిమిషాల్లో పెట్టె పూర్తిగా చల్లారిపోయింది. అయినా ఆమెకు కోపం రాలేదు. అంత తీరికగా తన మాట కూడా ఎవరైనా వింటే ఎంత బాగుండునో అనిపించింది.

ఎదురు బల్ల దగ్గర మడతల మావయ్య దుప్పట్లు మడతపెడుతున్నాడు. అంచు ఒకటి గడ్డం కింద నొక్కిపట్టి రెండు చేతులూ బార్లా చాచి ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కడే చేస్తాడు. ఆమె చేరేనాటికే ఉన్నాడు. ఆ రేడియో ఆయన తెచ్చిందే, దాని ఏరియల్ తీగ విరిగిపోతే ఇనుప హ్యాంగరును వంచి తగిలించిందీ ఆయనే. కోట్లకు పనికిరాని హ్యాంగరు ఊళ్ళో గొంతులన్నీ పట్టుకొచ్చింది. గడ్డం కింద ఎప్పుడూ ఏదో ఒక దుప్పటి ఉండటం వల్లనో ఏమో మావయ్య మాట్లాడేది తక్కువ. ఇన్నేళ్ళలో ఈ గదిలో మాటలన్నీ రేడియో మాట్లాడేసింది, వీళ్ళిద్దరికీ మిగల్చలేదు.

మళ్ళీ పాట, మళ్ళీ స్విచ్చి. ఆరో కోటు, ఏడోది. జేబు మడతలు ముందు, వీపు ఆఖరు. పంతొమ్మిదేళ్ళ కింద ఆ రోజు కూడా ఇలాగే మధ్యాహ్నం. తను జుబ్బాలు చేస్తోంది, పక్కన నీళ్ళు చల్లిన మూట, అరమీద అక్కయ్య గొంతు, అప్పట్లో ఇంకాస్త సన్నగా ఉండేది. "చెప్పండమ్మా, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" అంది. "మందుల షాపు దగ్గర్నుంచమ్మా," అంది అటువైపు గొంతు. ఆ గొంతు విని తను పెట్టెను జుబ్బామీదే వదిలేసి, మళ్ళీ ఉలిక్కిపడి ఎత్తి నిలబెట్టింది. అమ్మ. బడిలో గదులు ఊడ్చే అమ్మ, నాణెం వేసే ఫోను ముందు నిలబడి, చీపురు పక్కన పెట్టి ఉంటుంది, చెంగుతో రిసీవరు తుడిచి ఉంటుంది, తుడవందే ఏదీ ముట్టుకోదు. "ఏ పాట కావాలమ్మా?" "ఆ పడవ పాట వెయ్యమ్మా." "తప్పకుండా. ఎవరికోసం?" అంతే, కరెంటు పోయింది. నిమిషం కూడా పోయి ఉండదు. వచ్చేసరికి పడవ పాట పల్లవిలో ఉంది. నాలుగు వీధుల అవతల అక్క ఇంట్లోనూ అదే లైను, అదే నిమిషం. ఇద్దరూ ప్రశ్న దాకా విన్నారు, జవాబు ఇద్దరికీ అందలేదు. లోకంలో ఇన్ని నిమిషాలుండగా ఆ కరెంటుకు ఆ నిమిషమే దొరికింది.

సాయంత్రం ఇద్దరూ అమ్మ ముందు చేరి "ఎవరికోసం అడిగావమ్మా" అంటే అమ్మ నవ్వింది. "విన్నారుగా," అంది. కరెంటు పోయిందంటే ఇంకా నవ్వింది. "పోతే పోయిందిలే," అని తలదువ్వెన కోసం వెతుక్కుంది. ఇక అంతే, ఎన్నిసార్లు అడిగినా నవ్వే జవాబు. ఆ పాట తనకిష్టమని అక్క వాదన, చిన్నప్పుడు జ్వరంలో అమ్మ అదే పాడిందట. రేడియోలో ఆ పాట వస్తే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది తనే కదా అని తన వాదన. మొదట్లో సరదాకే. తర్వాత్తర్వాత సరదా ఎక్కడ ఆగిందో తెలియలేదు. అమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఎవరు ఉండాలన్న దగ్గర కూడా "నువ్వు కదా ముద్దుల కూతురివి, పడవ పాట నీదే కదా" అని అక్క ఒక మాట తూలింది, తను ఒకటి తూలింది. అమ్మ మంచం మీంచి ఇద్దరి వంకా చూసి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడైనా చెప్పలేదు. ఇద్దరిలో ఒకరి పేరు చెబితే రెండోదాని మనసు కష్టపడుతుందనే దాచిందని వాళ్ళిద్దరూ నమ్మారు. అమ్మ అలాంటిదే. కొట్టుకు తీసుకెళ్ళి ఒక చీర చూడమంటే "నాకెందుకే" అనేది. కళ్ళజోడు మార్చుకోమంటే "నాకెందుకే, కనబడుతూనే ఉంది" అనేది. తలుపు చట్రానికి తగిలి నుదురు బొప్పి కట్టిన రోజూ అదే మాట.

పన్నెండో కోటు. అక్కయ్య పాత కాసెట్టు ఒకటి పెట్టింది, దర్జీ ఎవరో పెళ్ళయిన కొత్తలో పెళ్ళాం కోసం పాట అడుగుతున్నాడు, వెనకాల పెళ్ళాం కాబోలు వద్దు వద్దంటోంది. "ఆ ఇద్దరూ ఇప్పుడు తాతా అమ్మమ్మా అయ్యారండీ, పోయిన వారమే చెప్పారు," అంది అక్కయ్య. బీరువా నిండా ఇలాంటి కాసెట్లట, పారేయమంటే ఇంటికి మోసుకెళ్ళి దాచిందట. ఎవరు దాస్తారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ గొంతులు. కొత్తొక వింత పాతొక రోత అని స్టేషను వాళ్ళు ఎన్నిసార్లు వేషం మార్చలేదు. మొదట ఉత్తరాలూ ఫోన్లూ తీరిక మాటలూ ఉండేవి. ఆ తర్వాత ఒక రోజు పొద్దున పిల్లగొంతులు రెండు వచ్చి ఒకరి మాట ఒకరు తొక్కుకుంటూ, ఇక నుంచి హిట్లే హిట్లన్నారు. పాటలకు రెండో చరణం కోసేశారు. రెండో చరణంలో చొక్కా వీపు చెయ్యడం తనకు అలవాటు, వీపు దగ్గరికి వచ్చేసరికి పాట ఉండేది కాదు, ఆ ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ వీపులన్నీ ముడతలే. అయినా సర్దుకుంది, ఆ పిల్లలూ పాపం కష్టపడేవాళ్ళు, అందులో ఒకడికి నవ్వు బాగుండేది. ఆ పైన నాన్‌స్టాప్ అన్నారు. పాటలోంచి పాట, దాంట్లోంచి ఇంకో పాట, మధ్యలో మనిషి మాట లేదు. మొదటి రోజే బ్యాండు మేస్త్రి బంగారు గుండీల చొక్కా పెట్టె కింద ఉంది. మాట వస్తుంది, స్విచ్చి తీద్దామని చెయ్యి ఎదురు చూస్తోంది. మాట రాలేదు. మావయ్య గడ్డం కింది దుప్పటి జారవిడిచి "అమ్మాయ్, పొగ" అనేసరికి భుజంమీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. ఓనరు అడిగితే "మాట రాలేదండీ" అంది, అదే నిజం కనక. ఆయన అటూ ఇటూ చూసి, ఈమెకు ఎండదెబ్బ తగిలిందనుకుని ఇంటికి పంపేశాడు.

ఆమె స్టేషనుకు రాసిన మొదటి ఉత్తరం అప్పటిదే. అక్కయ్యగారిని తీసేశారు, మాట వస్తేనే నేను పెట్టె స్విచ్చి తీసేది, మా చొక్కా కాలింది, దయచేసి మాట పెట్టించండి. ఇంత చిన్న ఉత్తరం. అలాంటివి బస్తాడు వచ్చాయట, మంగలి షాపుల నుంచి, నైటు డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళ నుంచి, కళ్ళు కనబడనివాళ్ళు వేరేవాళ్ళతో రాయించినవి. అన్నీ చూసి రోజుకొక గంట తిరిగి ఇచ్చారు, రెండు నుంచి మూడు. ఇస్త్రీ అంతా ఆమె ఆ గంటకే పెట్టుకుంది, మిగతా పొద్దంతా ఉతుకూ మడతలూ. తిరిగొచ్చిన రోజు అక్కయ్య మొదటి మాట "నేనే," రెండో మాట "ఇస్త్రీ చెల్లాయ్, స్విచ్చి తీశావా?" ఊరంతా విన్న మాట. ఆ పేరు ఆ రోజు పడింది. ఆవిడ ముఖం తను ఏనాడూ చూడలేదు. చూసినవాళ్ళలో అంత గొప్పవాళ్ళు తగల్లేదు.

రెండూ నలభై. పదిహేడు కోట్లయ్యాయి. కాసెట్టు ఇంకా రాలేదు. ఆమెకు అరచేతులు చెమర్చి తెల్లబట్టమీద వేలిముద్ర పడింది, నీళ్ళు చల్లి తుడిచింది. అక్క కోసమే అని తేలితే ఏం చెయ్యాలి. నవ్వేయాలి. ఇంత వయసొచ్చాక నవ్వెయ్యలేమా. నవ్వెయ్యలేనని ఆమెకు తెలుసు. తనకోసమే అని తేలినా అంతే, అక్క వారం రోజులు ఫోను ఎత్తదు, ఎత్తినప్పుడు గొంతు సన్నగా ఉంటుంది. అడగకుండా ఉండాల్సింది. తేలని తగువులో ఇద్దరికీ సగం సగం అమ్మ ఉండేది, ఇప్పుడు ఒకరికి మొత్తం పోతుంది. ఎవరు రాయమన్నారు తనను, కాసెట్టు ఉంటే వెతకమని. ఓనరు లోపలికి తల పెట్టి "అయ్యాయా?" అన్నాడు. "అవుతున్నాయి," అంది. ఆయన తల వెళ్ళిపోయింది. ప్రకటనలు, సబ్బు, మంచాల పరుపులు, ఇంకో పాట. రెండూ నలభై ఎనిమిది. పందొమ్మిదో కోటు.

"ఇక మన చెల్లాయి కాసెట్టు," అంది అక్కయ్య. ఆమె స్విచ్చి తీసింది. మావయ్య గడ్డం కింద దుప్పటితో అలాగే నిలబడ్డాడు.

బుసబుసమని చప్పుడు. దాని అడుగు నుంచి, ఎవరో తలుపు తీసినట్టు, అమ్మ. చెప్పండమ్మా, మందుల షాపు దగ్గర్నుంచమ్మా, ఆ పడవ పాట వెయ్యమ్మా, అన్నీ గుర్తున్నట్టే ఉన్నాయి, గొంతొక్కటే గుర్తున్నట్టు లేదు, ఇన్నాళ్ళూ ముసలి గొంతును మోస్తూ తిరిగింది తను, ఇది తనకంటే చిన్నదాని గొంతు. "తప్పకుండా. ఎవరికోసం?" ఇక్కడే కరెంటు పోయింది. ఆమె కళ్ళు పైన తిరుగుతున్న ఫ్యానువైపు వెళ్ళాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఎవరికోసమో చెప్పాలా?"

"అందరూ చెబుతారు కదమ్మా. పిల్లలున్నారా?"

"ఇద్దరు ఆడపిల్లలు. బంగారాలు. ఇప్పుడు ఈ రేడియో వింటూనే ఉంటారు ఇద్దరూ."

"అయితే ఇద్దరి కోసమూ అనుకోమంటారా?"

బుసబుసలో రోడ్డుమీద ఏదో బండి హారను.

"కాదమ్మా. వాళ్ళకి ఇన్నేళ్ళూ అన్నీ నేనే అడిగాగా, బడిలో అడిగా, షాపులో అడిగా. ఇది నాకు. నాకోసం నేనే అడుగుతున్నా. అలా వెయ్యరా?"

"ఎందుకు వెయ్యనమ్మా," అంది అప్పటి సన్నగొంతు అక్కయ్య, తడుముకోకుండా. "మీకోసమే."

"సగంలో ఆపకు. మొత్తం వెయ్యి."

పడవ పాట మొదలైంది. స్విచ్చి వెయ్యడానికి చెయ్యి లేవలేదు. పల్లవి వెళ్ళింది, మొదటి చరణం వెళ్ళింది, ఇరవయ్యో కోటు ముందు పరిచినది పరిచినట్టే ఉంది. ఇరవై నాలుగేళ్ళలో ఈ గదిలో ఒక పాటను చేతులు ఖాళీగా ఉంచుకుని వినడం ఆమెకు ఇదే మొదలు. మందుల షాపు ముందు ఆ ఎండలో అమ్మ రిసీవరు పెట్టేశాక ఎక్కడ విని ఉంటుంది ఈ పాట? షాపు లోపల రేడియో ఉండేది. మెట్టుమీద నిలబడి విని ఉంటుంది. చీపురు పట్టుకుని మూడున్నర నిమిషాలు, ఆ షాపుకూ కరెంటు మళ్ళీ వచ్చాక, తన పాట తను. సాయంత్రం ఇద్దరు కూతుళ్ళూ వచ్చి నాకా నాకా అని మీదపడితే ఏం చెబుతుంది. నాకే అని ఎలా చెబుతుంది, సిగ్గుపడి ఉంటుంది. ఆ నవ్వు సిగ్గు. ఎంత ధైర్యం చేశావమ్మా, అనుకుంది ఆమె, ఒక్కసారే చేశావు, ఊరందరూ వింటుండగా చేశావు, మేమిద్దరం మాత్రం వినలేదు. రెండో చరణం కూడా మొత్తం వచ్చింది. ఆమె ఏడ్చింది, కోటు పక్కకు జరిపి ఏడ్చింది, తడి పడకుండా.

పాట చివర్లో జేబులో ఫోను మోగింది.

"విన్నావా?" అంది అక్క.

"విన్నాను."

అటువైపు అక్క ముక్కు చీదుకుంది. "అమ్మకి ఏం కావాలో మనం ఎప్పుడైనా అడిగామా చెల్లీ? కొనిపెడతామన్నాం, చూపించుకోమన్నాం. ఏం కావాలని అడగలేదే."

"లేదక్కా."

"ఆదివారం రా," అంది అక్క. "తగువేం మిగల్లేదు, ఏం మాట్లాడుకోవాలో ఏమో. అయినా రా."

రెండూ యాభై తొమ్మిదికి అక్కయ్య చెప్పింది, ఎక్కువేం చెప్పలేదు. ఇన్నాళ్ళూ విన్నారు, చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గాని నాకు మీరు ఏనాడూ కాలేదు అంది. "చెల్లాయ్, ఇక స్విచ్చి నీ చేతిలోనే ఉంది, జాగ్రత్త," అంది. ఆగి, "నేనే," అంది, వచ్చేటప్పటి మాటే వెళ్ళేటప్పుడూ. మూడు కొట్టింది, పాట మొదలైంది, అది అయ్యీ అవకముందే దాని కడుపులోంచి ఇంకోటి. బయట వ్యాను హారను కొడుతోంది. ఇంకా ఆరు కోట్లున్నాయి. ఆమె స్విచ్చి వేసి, కాలరు సర్ది, పెట్టె నడిపింది. పాటలోంచి పాట, దాంట్లోంచి ఇంకోటి. పెట్టె కాగుతోంది, అంచున పొగ వాసన లేచీ లేవనట్టుంది. చెయ్యి మాట కోసం చూస్తోంది.

"మావయ్యా," అంది ఆమె. "ఇన్నేళ్ళుగా వింటున్నావు కదా. నీకేం పాటంటే ఇష్టం?"

దుప్పటి జారి కిందపడింది. ఆయన వంగి తియ్యలేదు.

"నాకా?" అన్నాడు.

"నీకే."

ఆయన గడ్డం తడుముకుని, రేడియో వైపు చూసి, చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె స్విచ్చి తీసింది.